బోరు మోటారు పైకి లాగడానికి ఈ తాడు సరిపోతుందా? లెక్క చెప్పండి

అందరికీ నమస్కారం. మా బోరులో మోటారు 200 అడుగుల లోతున ఉంది. చెయిన్ పుల్లీతో కాకుండా గిలక మీద తాడు వేసి లాగుదామని నాన్న అంటున్నారు. మోటారు సుమారు 50 కిలోలు, రెండంగుళాల హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు 60 కిలోలు. నీళ్లు వెనక్కి జారకుండా ఆపే నాన్-రిటర్న్ వాల్వ్ వల్ల పైపులో నీళ్లు నిలిచిపోతాయి, మీటరుకు రెండు లీటర్ల చొప్పున మరో 120 కిలోలు. అంటే 230.

మా దగ్గరున్నది 12 ఎంఎం పాలీప్రొపిలీన్ తాడు. చీటీ మీద 2000 కిలోలని ఉంది. అది తెగే బరువేగానీ రోజూ మోయించదగ్గది కాదని తెలుసు. భద్రత కోసం అందులో ఐదో వంతే మోయించాలనుకుంటే 400 కిలోలు, పదో వంతైతే 200. ఇక్కడే ఆగిపోయాను. ఏది పట్టుకోవాలి?

ముడి వేస్తే బలం సగం దాకా పడిపోతుందట. ఆ నష్టం ఈ వంతుల్లోనే కలిసి ఉంటుందా, విడిగా తీసెయ్యాలా? పైగా తాడు రెండేళ్లుగా ఎండలో పడి ఉంది, పైపోగులు పొడిపొడిగా రాలుతున్నాయి. మధ్యలో మోటారు కేసింగ్‌కు (బోరు గోడకు దించిన గొట్టానికి) తట్టుకుంటే వచ్చే కుదుపు సంగతేంటి?

గిలక దగ్గర నిలబడేది నాన్నే. అనుభవమున్నవాళ్లు దయచేసి చెప్పండి.