తని ఆవర్తనం (కచేరీలో మృదంగం, ఘటం లాంటి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం) కత్తిరించని లైవ్ ఆల్బమ్‌లు ఏవి?

చెన్నైలో, మైలాపూర్‌లో ఉంటాను. డిసెంబరు కచేరీల రుచి మరిగాక స్టూడియో రికార్డింగులు చప్పగా అనిపిస్తున్నాయి. మంచి లైవ్ ఆల్బమ్‌లు చెప్పగలరా?

ఎలాంటివి కావాలో ఒక ఉదాహరణ చెబుతాను. భారతీయ సంగీతాన్ని జాజ్‌తో కలిపిన శక్తి బృందం మొదటి ఆల్బమ్ 1975లో అమెరికాలోని ఒక కాలేజీలో, శ్రోతల ముందు రికార్డయింది. మొదటి అంశమే దాదాపు 18 నిమిషాలు. ఎల్. శంకర్ వయొలిన్ ఒక పలుకు విసిరితే జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు దాన్ని అందుకుని ఇంకో మెట్టు ఎక్కిస్తుంది. కింద జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం పరుగు తీస్తుంటాయి. ఎవరు ఎప్పుడు మలుపు తిప్పుతారో తెలియని ఆ ఉత్కంఠే నాకు ప్రాణం.

ఇప్పుడు మన కర్ణాటక సంగీతంలో అలాంటివి వెతుకుతున్నాను. ముఖ్యంగా మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్, బాలమురళీకృష్ణ గార్ల కచేరీలు. నేను కొన్న డిస్కుల్లో తని ఆవర్తనం సగంలోనే ఆగిపోతుంది, చప్పట్లు కూడా కోసేశారు. మృదంగం, ఘటం సవాలు జవాబులు పూర్తిగా ఉండాలి. తంబురా శ్రుతి వినబడాలి. సభలో ఎవరో "భళా" అన్నది వినిపించినా సంతోషమే.

పేరుతో పాటు, ఏ రాగం దగ్గర మీకు ఒళ్లు పులకరించిందో కూడా రాయండి. చెన్నైలో ఆ డిస్కులు దొరికే దుకాణం తెలిస్తే తప్పక చెప్పండి.