మాత్రల్లేకుండా డిప్రెషన్ తగ్గుతుందా?

కిరణ్ (కేఆర్ పురం): అన్నయ్యకు 31. డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 11 వచ్చింది. మాత్రల్లేకుండా నయం చేసుకునే దారి ఉందా?

శారద (జయనగర్): ఉంది. బ్రిటన్‌లో డాక్టర్లకు చికిత్స మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2022లో ఇచ్చినవాటిలో 16 లోపు స్కోరును తక్కువ తీవ్రతగానే చూస్తారు. రోగి తానుగా కోరితే తప్ప అక్కడ మాత్రలతో మొదలుపెట్టరు. బిహేవియరల్ యాక్టివేషన్ చేయించండి, అంటే మనసును కాస్త తేలికపరిచే పనులను మళ్ళీ రోజులోకి తెచ్చే చికిత్స, మామూలుగా 8 సెషన్లు. మొదటి వారం ఏమీ మార్చకూడదు. గంటగంటకూ ఏం చేశాడో, అప్పుడు మనసు 0 నుంచి 10లో ఎంతుందో రాసుకోవాలి. తర్వాత అంకె కాస్త పెరిగిన పనులు ఏరి వాటికి టైము పెట్టాలి: ఏడింటికి పది నిమిషాల నడక, ఎనిమిదింటికి స్నానం. చెయ్యాలనిపించినప్పుడు చేద్దామంటే ఈ జబ్బులో అనిపించదు. చాలామంది మొదటిరోజే లాల్‌బాగ్ అంతా చుట్టాలనుకుంటారు, మూడోరోజుకి మానేస్తారు, నావల్ల కాదని ఇంకా కుంగిపోతారు. చెయ్యగలడనుకున్న దాంట్లో సగమే పెట్టండి.

రవి (మారతహళ్ళి): 11 తక్కువేంటండీ? ఆ ప్రశ్నావళిలోనే 10 నుంచి 14 మధ్యస్థం.

శారద: ప్రశ్నావళి మెట్లు వేరు, చికిత్స ఎంచుకోడానికి నైస్ గీసిన గీత వేరు.

రవి: మధ్యస్థాన్ని తక్కువ అనకండి. జనం అదే పట్టుకుని డాక్టర్ దగ్గరికి పోవడం మానేస్తారు.

హరిత (హెబ్బాళ): 9వ ప్రశ్నకు ఎంత వచ్చింది? చచ్చిపోతే బాగుండుననే ఆలోచన గురించి అడిగేది అదే. సున్నా కాకపోతే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ఇవాళే డాక్టర్ని కలవండి. అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

సుధ: రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ది), విటమిన్ బీ12 చూపించారా? థైరాయిడ్ మందగించినా ఇలాగే ఉంటుంది.

రవి: శారద గారూ, వేసుకునేవాళ్ళ చేత కూడా మాత్రలు మాన్పించేది ఇలాంటి సలహాలే!

శారద: మానేయమని నేనెక్కడ అన్నాను? ఆ వాక్యం చూపించండి.

కిరణ్: 9వ ప్రశ్నకు సున్నా. అసలు సంగతేంటంటే, అన్నయ్య మూడు నెలలుగా డిప్రెషన్ మాత్ర ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాడు. సంబంధాలు చూస్తున్నాం, ఎవరి కంటైనా పడితే ఎలాగని అమ్మ ఆపేయమంటోంది.

రవి: ఇదీ సంగతి. భయం మందు గురించి కాదు, నలుగురికీ తెలుస్తుందని.

శారద: అయితే నేను పైన రాసింది మీవాడికి వర్తించదు కిరణ్ గారూ, అది మందు మొదలుపెట్టనివాళ్ళ కోసం. ఆపొద్దు. ఉన్నట్టుండి ఆపితే తల తిరుగుతుంది, నిద్ర పట్టదు, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. అది చూసి జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వేసుకుని, డాక్టర్ చెప్పినట్టు వారాల మీదో నెలల మీదో మెల్లగా తగ్గించాలి. సెషన్లు మాత్రతో పాటే మొదలుపెట్టండి.

రవి: ఆ 11 మందు వేసుకుంటుండగా వచ్చింది. మొదలుపెట్టే ముందు ఎంత? 20 నుంచి 11కి దిగితే మాత్ర పనిచేస్తోందన్నట్టే.

శారద: 12 నుంచి 11కి దిగితే? రోజూ సరిగ్గా వేసుకుంటూ మూడు నెలలకు ఒక్క అంకె తగ్గిందంటే డోసు మార్చాలా, మందే మార్చాలా అన్నది డాక్టర్ తేల్చాలి. పాత కాగితం వెతికి తీసుకెళ్ళండి, అమ్మగారిని కూడా.