రీకాల్ పని చేయించని సెకండ్ హ్యాండ్ కారు: ధర తగ్గించమని అడగడం న్యాయమేనా?

కృష్ణలంక వాసి
గుంటూరులో ఒక సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు చూశాను. 2019 తయారీ, ఒకే యజమాని, టైర్లు బాగున్నాయి, బేరం దాదాపు కుదిరింది. అడ్వాన్సు ఇచ్చే ముందు చాసిస్ నంబరు అడిగి తీసుకుని కంపెనీ వెబ్‌సైటులో చూశాను. ఫ్యూయల్ పంపు మార్చాలని రీకాల్ ఉంది, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ ఆ కార్లను వెనక్కి పిలిచింది. ఆ పని ఇంకా జరగలేదు. యజమానిని అడిగితే "ఉచితంగానే చేస్తారు, కొన్నాక మీరే చేయించుకోండి" అన్నారు. నలభై వేలు తగ్గించమంటే రూపాయి కూడా తగ్గనన్నారు. నేను అడిగినదాంట్లో తప్పుందా?

బ్రాడీపేట మాస్టారు
తప్పే. రీకాల్ పనికి విడిభాగం ఖర్చు ఉండదు, కూలి ఉండదు, వారంటీ అయిపోయినా చేస్తారు. ఖర్చు లేని పనికి నలభై వేలు ఏ లెక్కన తగ్గించాలి? క్లచ్ అరిగితే అడగండి, బాడీకి దెబ్బ ఉంటే అడగండి. కంపెనీ చేసిన లోపానికి యజమాని జేబులోంచి డబ్బు తీయడం న్యాయం కాదు.

తెనాలి విద్యార్థి
రీకాల్ వచ్చిందంటేనే ఆ మోడల్ మంచిది కాదు. వేరేది చూసుకోండి.

ఆటోనగర్ మెకానిక్
అలా అనుకుంటే కొనడానికి కారే దొరకదు తమ్ముడూ. 2021 సెప్టెంబరులో మారుతీ 1,81,754 పెట్రోల్ కార్లను మోటార్ జనరేటర్ యూనిట్ అనే విద్యుత్ భాగం తనిఖీకి పిలిచింది. సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజా, ఎస్-క్రాస్, ఎక్స్‌ఎల్6 అన్నీ అందులో ఉన్నాయి. ఆ భాగం మార్చేదాకా నిలిచిన నీళ్లలో కారు నడపవద్దని కూడా చెప్పింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసినవారికి ఆ సూచన విలువ వేరే చెప్పనక్కర్లేదు. 2024 అక్టోబరులో హోండా 90,468 కార్లను ఫ్యూయల్ పంపు కోసమే పిలిచింది. అవి చెడ్డ కార్లని ఎవరైనా అంటారా?

ఇక పంపు సంగతి. అది ట్యాంకులోనే, పెట్రోలులో మునిగి ఉంటుంది. లోపల చిన్న ప్లాస్టిక్ ఇంపెల్లర్ తిరుగుతూ పెట్రోలును ఇంజనుకు తోస్తుంది. ఇలాంటి రీకాళ్లలో ఎక్కువగా కనిపించే లోపం ఆ ప్లాస్టిక్‌లోనే. అది పెట్రోలు పీల్చుకుని ఉబ్బి, చుట్టూ ఉన్న గూడుకు రాసుకుంటుంది. చివరికి తిరగడం మానేస్తుంది. అప్పుడు కారు నడుస్తూ నడుస్తూనే ఆగిపోవచ్చు. ఇంజను ఆగాక బ్రేకు రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడలు రాయిలా గట్టిపడుతుంది. కొన్నాక తీరిగ్గా చేయించుకోదగ్గ పని కాదిది.

మంగళగిరి ప్రయాణికుడు
అసలు విషయం ఎవరూ చెప్పలేదు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన రీకాల్ నిబంధనలు ఏడేళ్ల లోపు వాహనాలకే వర్తిస్తాయి. ఈయన చూసిన కారు 2019ది. ఏడేళ్లు నిండాక కంపెనీ "మాకు సంబంధం లేదు" అంటే పంపు ఖర్చు కొన్నవారిదే. కాబట్టి నలభై వేలు అడగడం న్యాయమే.

బ్రాడీపేట మాస్టారు
నిబంధన సగమే చదివారు. ఆ ఏడేళ్ల లెక్క ప్రభుత్వం ఆదేశించే రీకాల్‌కు. ఇది కంపెనీ తనంతట తానే ప్రకటించినది.

మంగళగిరి ప్రయాణికుడు
తనంతట తానే ప్రకటించినదైతే తనంతట తానే ఆపేయవచ్చు కూడా. ఏడేళ్లు అన్నది చట్టంలో ఉంది. మీరు చెప్పేది ఎక్కడ ఉంది?

బ్రాడీపేట మాస్టారు
మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 110ఎ సెక్షన్ చదవండి. లోపం ఉన్నట్టు తేలితే కంపెనీ కారు పూర్తి ధర తిరిగి ఇవ్వాలి, లేదా వేరే కారు ఇవ్వాలి, లేదా బాగుచేయాలి. లోపాన్ని తానే గమనించి ప్రభుత్వానికి తెలిపి వెనక్కి పిలిచే కంపెనీకి జరిమానా ఉండదు. ఆ జరిమానా పది లక్షల నుంచి కోటి రూపాయల వరకు ఉంటుంది. అందుకే కంపెనీలు ముందే ప్రకటిస్తాయి. మెకానిక్ గారు చెప్పిన హోండా ప్రకటనలో 2017 సెప్టెంబరు నుంచి తయారైన కార్లు ఉన్నాయి. అది వెలువడిన రోజుకు వాటిలో మొదటివాటికి ఏడేళ్లు దాటాయి. అయినా పిలిచింది. ఇంకా సందేహం ఉందా?

మంగళగిరి ప్రయాణికుడు
ఒక కంపెనీ చేసింది కాబట్టి అన్నీ చేస్తాయని హామీ ఇస్తారా?

పటమట పద్మ
ఏడేళ్లా కాదా అని మీరిద్దరూ తేల్చుకునేలోపు ఆయన కారు కొనేస్తారు. నేను వేరే విషయం చెబుతాను.

మేము మా వారి బంధువుల దగ్గర కారు కొన్నాం. సొంత మనుషులని నమ్మి ఏమీ చూడలేదు. ఒక రాత్రి గుంటూరు నుంచి వస్తుంటే కనకదుర్గ వారధి మీద ఆగిపోయింది. వెనక ఇసుక లారీలు, పిల్లలు వెనక సీటులో. మా వారు కిందికి దిగి చేతులు ఊపుతూ లారీలను పక్కకు మళ్లించారు. నేను పిల్లలను రెయిలింగు వైపు దింపి పట్టుకుని నిలబడ్డాను. తరువాత డ్యాష్‌బోర్డు అర సర్దుతుంటే కంపెనీ పంపిన రీకాల్ ఉత్తరం దొరికింది. మేము కొనక ముందే వచ్చింది. వాళ్లు చదివారు, మడిచి లోపల పెట్టారు, మాకు చెప్పలేదు. అడిగితే "ఉచితమే కదా, ఎప్పుడైనా చేయించుకుంటారని ఊరుకున్నాం" అన్నారు. మాస్టారు గారు రాసిన మాటే, వాళ్ల నోట.

బ్రాడీపేట మాస్టారు
అమ్మా, మీకు జరిగినది చాలా అన్యాయం. కానీ అది విషయం దాచినవారి తప్పు. ఈ యజమాని ఏదీ దాచలేదు. అడిగితే ఒప్పుకున్నారు.

పటమట పద్మ
అడిగితేనే ఒప్పుకున్నారు. ఈయన చాసిస్ నంబరు కొట్టి చూసి ఉండకపోతే?

ఆటోనగర్ మెకానిక్
కంపెనీ ఉత్తరం ఆర్సీలో ఉన్న పాత చిరునామాకే వెళుతుంది, ఫోను పాత నంబరుకే. ఆర్సీ మార్పు చేయించుకోకుండా నలుగురి చేతులు మారిన కార్లు మా దగ్గరకు ఎన్నో వస్తాయి. వాళ్లలో ఎవరికీ రీకాల్ సంగతి తెలియదు.

ఇంకొకటి. పంపు చెడిందని ఎవరైనా బయట కొని వేయించి ఉంటే అదీ లోపం ఉన్న భాగమే కావచ్చు. హోండా ఆ ప్రకటనలోనే విడిగా 2,204 పాత కార్లను చేర్చింది. వాటికి రిపేరులో ఆ లోపం ఉన్న పంపు పడింది. కాబట్టి "పంపు మార్చేశాం, భయం లేదు" అనే మాట నమ్మకండి. సర్వీసు సెంటరులో చాసిస్ నంబరుతో అడగండి.

మంగళగిరి ప్రయాణికుడు
ఇన్సూరెన్సు గడువు ఇంకా నెల ఉండగానే ఎవరెవరో ఫోన్లు చేస్తారు. రీకాల్‌కు మాత్రం యజమాని దొరకడా? ఆ నష్టం కొనేవారు ఎందుకు భరించాలి?

బ్రాడీపేట మాస్టారు
అమ్మేవారు ఎందుకు భరించాలి? పైగా అన్ని రీకాళ్లూ ప్రాణాంతకం కావు. అందరినీ భయపెట్టకండి.

పటమట పద్మ
ఏది ప్రాణం మీదికి వస్తుందో మనం తేల్చగలమా మాస్టారూ? టకాటా అనే జపాన్ కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగులు చూడండి. వాటిలోని అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ గాలిలోని తేమకూ చెడిపోయి, ప్రమాదంలో బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బా పగిలి ముక్కలు మనిషి మీదికి వచ్చేవి. ప్రపంచమంతా కోట్ల కార్లను వెనక్కి పిలిచారు. 2017 జనవరిలో హోండా మన దేశంలోనే 2012లో తయారైన 41,580 కార్లను అందుకోసం పిలిచింది. రోహిణీ కార్తె ఎండ, కృష్ణ పక్కన ఉక్క, రెండూ ఉన్న ఊరు మనది. అలాంటి బ్యాగు ముందు కూర్చుని "ఉచితమే కదా" అంటూ రోజులు గడిపినవారు ఎందరో. మీరు మొదటి నుంచీ అమ్మేవారి తరఫునే ఎందుకు మాట్లాడుతున్నారు? మీరు కార్ల వ్యాపారం చేస్తారా?

బ్రాడీపేట మాస్టారు
నేను ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను, వ్యాపారం చేయలేదు. అడిగారు కాబట్టి చెబుతున్నాను.

నా కారు అమ్మేటప్పుడు రీకాల్ ఉందని మొదటి మాటలోనే చెప్పాను. ఉత్తరం కూడా చేతిలో పెట్టాను. విడిభాగం ఇంకా రాలేదని సర్వీసు సెంటరు వాళ్లు నన్ను తిప్పుతున్న రోజులవి. కొనేవాడు ఆ ఉత్తరం పట్టుకుని ధర కోసేశాడు. మా ఆవిడ వైద్యానికి డబ్బు అవసరమై ఒప్పుకున్నాను. తరువాత విడిభాగం వచ్చింది, అతను ఉచితంగా వేయించుకుని నాకు తగ్గించిన మొత్తం కలిపి మరొకరికి అమ్ముకున్నాడు. అదే నెలలో మా వీధిలోని మరొకతను అదే మోడల్ కారును ఏమీ చెప్పకుండా పూర్తి ధరకు అమ్మాడు. నిజం చెప్పినవాడి దగ్గరే డబ్బు తగ్గిస్తే ఇంకెవరు చెబుతారు? మీ బంధువులు ఉత్తరం ఎందుకు దాచారో ఒక్కసారి ఆలోచించండి.

పటమట పద్మ
మీకు జరిగినది తెలియక గట్టిగా మాట్లాడాను, ఏమీ అనుకోకండి. కానీ నా మాట మారదు. డబ్బు పోతుందన్న భయంతో దాచినా, నిర్లక్ష్యంతో దాచినా వారధి మీద నిలబడింది నా పిల్లలే. ధర తగ్గదని తెలిస్తే అమ్మేవారు చెబుతారని మీరంటున్నారు. చెప్పి ఊరుకుంటే నాకు చాలదు. పని పూర్తయ్యాకే కారు చేతులు మారాలి.

బ్రాడీపేట మాస్టారు
విడిభాగం రావడానికి నెలలు పడితే? అమ్మకం ఆపుకుని కూర్చోవాలా? అవసరం ఉన్నవాడే అమ్ముతాడమ్మా.

పటమట పద్మ
అవసరం ఉన్నవాడే సెకండ్ హ్యాండ్ కొంటాడు కూడా.

ఆటోనగర్ మెకానిక్
కృష్ణలంక అన్నా, ధర మాట పక్కన పెట్టండి. యజమానితో కలిసి సర్వీసు సెంటరుకు వెళ్లి, విడిభాగం ఉందో లేదో అడగండి. ఉంటే పని అవుతుంది, రీకాల్ పూర్తయిందని రాసిన జాబ్ కార్డు తీసుకుని మిగతా డబ్బు ఇవ్వండి. లేకపోతే విడిభాగానికి పేరు నమోదు చేయించండి. వచ్చేదాకా ఆ కారుతో హైవే ఎక్కకండి.

కృష్ణలంక వాసి
అందరికీ కృతజ్ఞతలు. మెకానిక్ గారు చెప్పినట్టే ఆయనకు ఫోను చేశాను. నలభై వేల మాట వదిలేస్తాను, పూర్తి ధర ఇస్తాను, ముందు పంపు మార్పించండి అన్నాను. తనకు తీరిక లేదన్నారు, ఇంకో ఇద్దరు అడుగుతున్నారన్నారు. బేరం వదులుకున్నాను.

అమ్మకం ప్రకటన ఇంకా ఉంది. అందులో రీకాల్ మాట లేదు. దాని కింద నేను రాయవచ్చా?

మంగళగిరి ప్రయాణికుడు
మీకెందుకు? ఆయన గొడవకు వస్తారు.

పటమట పద్మ
తప్పకుండా రాయండి. వెబ్‌సైటులో ఎలా చూసుకోవాలో కూడా రాయండి.

బ్రాడీపేట మాస్టారు
రాయండి. కారు చెడ్డదని మాత్రం రాయకండి, రీకాల్ పని మిగిలి ఉందని రాయండి చాలు. ఆయన పంపు మార్పించిన రోజున ఆ మాట తీసేయండి.