మంగంపేట ముగ్గురాయి రాయిగానే ఓడ ఎక్కాలా, పొడి అయ్యాక ఎక్కాలా?

కోడూరు తోట (చర్చ మొదలుపెట్టినవారు)

నిన్న సాయంత్రం ఓబులవారిపల్లె దగ్గర బండి ఆపుకొని అరగంట నిలబడినాను. లంపు రాయి, అంటే పొడి కొట్టని గడ్డ రాయి, ఎత్తుకున్న టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి పోతా ఉన్నాయి. ఆ రోడ్డు పక్కనే మా నాయన నడిపిన పల్వరైజింగ్ మిల్లు, రాయిని పొడి కొట్టేది. ఇప్పుడు రేకులు ఊడిపోయినాయి. పొడి కొట్టే రేమండ్ యంత్రం కూర్చోబెట్టిన సిమెంటు దిమ్మె మీద జిల్లేడు మొలిచి ఉంది.

బయటివాళ్ల కోసం రెండు మాటలు. ముగ్గురాయి అంటే బెరైటీస్. ఇంత పెద్ద నిక్షేపం ఒకేచోట ఉండటం ప్రపంచంలోనే అరుదు, అది మన రాయలసీమలో, మంగంపేటలో ఉంది. తవ్వేది రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ. ఆయిల్, గ్యాస్ బావులు తవ్వేటప్పుడు లోపలికి పంపే బురదలో బరువు కోసం దీని పొడి కలుపుతారు. అమెరికా 2018లోనే దీన్ని కీలక ఖనిజాల జాబితాలో పెట్టుకుంది. మనలాంటి దేశాల నుంచి రాయి తెప్పించుకొని టెక్సాస్, లూసియానాల్లో వాళ్లే పొడి కొట్టుకుంటారు. మన కేంద్రం 2025 ఫిబ్రవరిలో దీన్ని చిన్న ఖనిజాల లెక్కలోంచి తీసి ప్రధాన ఖనిజాల్లో చేర్చింది.

నేను అడిగేది ఒక్కటే. లంపు ఎగుమతి ఆపాలి. పొడి కొట్టనిదే ఒక్క రాయి కూడా జిల్లా దాటకూడదు. మీరేమంటారు?

నందలూరు చింత

నూటికి నూరు పాళ్లు నిజం అన్నా. గని మనది, కూలి వేరేవాళ్లది.

రిగ్గు మీద రమణ

నేను ఇరవై రెండేళ్లుగా మడ్ ఇంజనీరుని, బావిలోకి పంపే ఆ బురదను చూసుకునేవాణ్ణి. ఇప్పుడు గల్ఫ్‌లో సముద్రం మీద ఉన్న ఒక రిగ్గులో పని. మీ రాయి చివరికి చేరేది నా చేతికే కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

బావి లోతుకు పోయేకొద్దీ కింద గ్యాస్ పైకి తంతుంది. ఆ ఒత్తిడిని అణిచిపెట్టేది బురద బరువు. ఒత్తిడి మీద అదుపు తప్పితే ఏమవుతుందో కోనసీమవాళ్లకు చెప్పక్కర్లేదు, 1995 జనవరిలో అంటుకున్న పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. అందుకే పొడికి కొలతలు గట్టిగా ఉంటాయి. గ్రావిటీ, అంటే నీళ్లకంటే ఎన్ని రెట్లు బరువో ఆ లెక్క, 4.2 ఉండాలి. 2010 నుంచి 4.1కి కూడా వేరే గ్రేడు వచ్చింది. 75 మైక్రాన్ల జల్లెడ మీద 3 శాతానికి మించి మిగలకూడదు. మరీ మెత్తగానూ ఉండకూడదు, 6 మైక్రాన్లకంటే సన్నటిది 30 శాతం దాటితే బురద చిక్కబడి పంపు ముక్కుతుంది.

రాయినైతే ఓడ అడుగున గుట్టగా పోస్తారు. పొడినైతే జంబో బ్యాగుల్లో నింపాలి, తడి తగలకుండా చూడాలి, చిరిగితే నష్టం. కొనేవాడు తన రేవు దగ్గర, తన ల్యాబు పక్కన పొడి కొట్టుకోవాలనుకోవడం న్యాయమే. ఎగుమతి ఆపితే వాడు చైనా నుంచో మొరాకో నుంచో తెచ్చుకుంటాడు.

కోడూరు తోట

రమణ సార్, కొలతలు మాకు తెలీక కాదు. మా నాయన మిల్లులోనే లె షాటెలియర్ ఫ్లాస్కు ఉండేది. నేను ఇంటర్ చదివేటప్పుడు సెలవుల్లో కిరసనాయిలు పోసి గ్రావిటీ చూసేది నేనే. 4.2 రాయి ఇక్కడ చేత్తో ఎత్తి చెప్పేవాళ్లు ఉన్నారు. మామూలు బండరాయి 2.7 ఉంటుంది, అదే సైజు ముగ్గురాయి ఎత్తితే మణికట్టు కిందికి దిగుతుంది.

టెక్సాస్‌లో కొట్టగలిగిన పొడి కోడూరులో కొట్టలేమా?

రిగ్గు మీద రమణ

కొట్టగలరు. ప్రతిసారీ ఒకేలా కొడతారా అన్నదే నా ప్రశ్న. ఒకసారి మన వైపు నుంచే ఒక మిల్లు సరుకు వచ్చింది. కాగితం మీద 4.2. నేను మూడుసార్లు చూశాను, 4.06, 4.05, 4.06. ఆ లాటు మొత్తం పక్కన పెట్టించాను. తెలుగువాణ్ణి అయ్యుండి సంతకం పెట్టనందుకు ఊరి నుంచి ఫోన్లు వచ్చాయి.

చీమకుర్తి నలుపు

మా దగ్గర గెలాక్సీ గ్రానైటుదీ ఇదే గొడవ. బ్లాకులు చైనాకు పోతాయి, పలకలు కొయ్యడం, పాలిష్ అక్కడ. కానీ ఒక తేడా గమనించండి. మా బ్లాకు పలక అయితే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఇంట్లో పరిచే వస్తువు అవుతుంది. మీ రాయి పొడి అయినా అదే బేరియం సల్ఫేటు. నలగగొట్టడం తప్ప అందులో ఏం మారింది? దానికి కరెంటు ఖర్చు ఎంతో లెక్క వేశారా? యూనిట్ ధర చెప్పకుండా ఈ చర్చ దండగ.

నందలూరు చింత

ఇండోనేషియా 2020లో నికెల్ ముడి ఖనిజం ఎగుమతి ఆపేసింది. ఏమైంది? ఫ్యాక్టరీలు వాటంతట అవే అక్కడికి వచ్చినాయి.

చీమకుర్తి నలుపు

వచ్చినవి ఎక్కువగా చైనా కంపెనీలు, నడిచేది బొగ్గు కరెంటు మీద. యూరప్ కేసు వేస్తే 2022లో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఇండోనేషియాకు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. పైగా నికెల్ లేకపోతే స్టెయిన్‌లెస్ స్టీలు ఆగుతుంది, బ్యాటరీ ఆగుతుంది. ముడి చమురు ధర పడిపోతే మీ రాయి అడిగేవాడే ఉండడు. నా ప్రశ్నకు జవాబు రాలేదు, యూనిట్ ధర ఎంత?

పుల్లంపేట పద్మ

నాలుగు రోజులుగా చదువుతున్నా. పొడి పొడి అంటున్నారే, ఆ పొడి ఎవరి మీద పడుతుందో ఒక్కరూ రాయలేదు.

మా ఆయన ఒక మిల్లులో పదకొండేళ్లు సంచులు నింపినాడు. మూతికి తువ్వాలు. అది సాయంత్రానికి బిగుసుకుపోయి అట్టలా నిలబడేది. నేను విదిలిస్తే గుమ్మం ముందర ముగ్గేసినట్టు తెల్లగా పడేది. కనురెప్పల్లో, చెవుల్లో, అన్నం గిన్నె మూత మీద అదే తెలుపు. ఇప్పుడు మేడ ఎక్కితే మూడో మెట్టు కాడ ఆగుతాడు. ముగ్గురాయి పొడికంటే అందులో కలిసిన పలుగురాయి పొడి ఊపిరితిత్తులను ఎక్కువ చెరుస్తుందని డాక్టరు చెప్పినాడు. మిల్లు యజమాని కాడికి పోతే నీ మొగుడు మా రిజిస్టరులోనే లేడు పొమ్మన్నాడు.

టెక్సాస్‌లో కొడితే కొట్టుకోనీండి. ఆ దుమ్ము నాకొద్దు.

కోడూరు తోట

పద్మక్కా, మీ ఇంటాయనకు జరిగింది అన్యాయమే. కానీ అది ఆ యజమాని తప్పు. దుమ్ము పట్టే బ్యాగ్ ఫిల్టర్లు ఉన్నాయి, మూసిన కన్వేయర్లు ఉన్నాయి. పెట్టించాలి. దుమ్ము వస్తుందని మిల్లే వద్దంటే పిల్లోళ్లు యాడికి పోవాలి? మా నాయన మిల్లులో పద్నాలుగు మంది ఉండేవాళ్లు. 2014లో వంద డాలర్లు దాటిన బ్యారెల్ 2016 జనవరికి ముప్పై కిందికి పడింది. ఆర్డర్లు ఆగిపోయినాయి. పద్నాలుగు మందిలో ఆరుగురు కువైట్ పోయినారు. మా నాయన అప్పుకు ఇల్లు పోయింది.

చీమకుర్తి నలుపు

చూశారా, నేను అన్నదే మీరే చెప్పారు. లంపు అమ్మినా పొడి అమ్మినా బావులు ఆగితే రెండూ ఆగుతాయి. మీ మిల్లు మూతపడింది లంపు ఎగుమతి వల్ల కాదు.

కోడూరు తోట

మా నాయన మిల్లు ఎందుకు మూతపడిందో మీరు నాకు చెప్పొద్దు.

రాయిబండి

నేను రాయనులే అనుకున్నా గానీ రాయాల్సి వస్తాంది. తొమ్మిదేళ్లు ఈ గని కాడ లారీ తోలినాను.

లోకల్ మిల్లులకని వేరుగా రాయి ఇచ్చేటప్పుడు ఒక మిల్లుకు నేను బాడుగ తోలేది. వే బిల్లు మిల్లు పేరు మీద. లోపలికి పోతాను, కాటా వేస్తారు, టీ తాగేంత సేపు నిలబెడతారు. దించేది లేదు. వెనక గేటు నుంచి బయటికి పంపి చెన్నై దావ పట్టమంటారు. రేవులో దించేది అదే రాయి, లంపు లంపుగానే. ఆ మిల్లులో మోటారు తిరగంగా నేను చూడనేలేదు. బెల్టు మీద పిచ్చుకలు గూడు కట్టినాయి.

పొడి కొడతామని తక్కువకు తీసుకున్న రాయి అది. మన పిల్లోళ్ల పేరు చెప్పి తీసుకున్నారు.

నందలూరు చింత

ఒకరిద్దరు చేసినదానికి అందరినీ అంటే ఎట్ల?

రాయిబండి

నేను అందరినీ అనలేదు. నేను తోలినదాన్ని చెప్పినా.

రిగ్గు మీద రమణ

నాకు 4.06 ఎలా వచ్చిందో ఇప్పుడు అర్థమవుతోంది. మంచి రాయి లంపుగా బయటికి పోతే, మిల్లులో మిగిలేది నాసిరకం. సి, డి గ్రేడు కలిపి కొట్టి 4.2 అని చీటీ అంటిస్తే...

కోడూరు తోట

సార్ ఇక ఆపండి. మా నాయన ఒక్క సంచిలో కూడా కల్తీ కలపలేదు. కోడూరు మిల్లులన్నీ దొంగలన్నట్టు మాట్లాడతారేం? మీకు అక్కడ ఏసీ క్యాబిను, డాలర్ల జీతం. ఇక్కడ ఒక లాటు మీరు పక్కన పెడితే ఎన్ని ఇళ్లలో పొయ్యి ఆరుతుందో మీకేం తెలుసు?

రిగ్గు మీద రమణ

ఆ లాటు నేను పక్కన పెట్టకుండా బావి తన్ని ఉంటే ఎన్ని ఇళ్లు ఆరేవో ఆలోచించండి. రిగ్గు మీద మాది నూట పది మంది ప్రాణం. అందులో శ్రీకాకుళం వాళ్లు ఇద్దరున్నారు. డెరిక్ మీద, అంటే రిగ్గు టవరు మీద, నిలబడేవాడికి ఏసీ ఉండదు. మీ నాన్నగారిని నేను ఒక్క మాట అనలేదు, ఆ మిల్లు పేరూ రాయలేదు. కానీ సంతకం విషయంలో మాత్రం నేను మారను.

చీమకుర్తి నలుపు

అసలు విలువ పెంచాలంటే పొడి కాదు, బేరియం రసాయనాలు చెయ్యాలి. రాయిని బొగ్గుతో కలిపి కాల్చి సల్ఫైడు చేసి, దాన్నుంచి బేరియం కార్బొనేటు తీస్తారు. గాజుకు, పింగాణీకి కావాలి. అప్పుడు ఆయిల్ ధర మీద ఆధారపడక్కర్లేదు.

పుల్లంపేట పద్మ

ఆ కార్బొనేటు ఎలకల మందు. మా చెల్లెలి కొడుకు కెమిస్ట్రీ చదివినాడు, వాణ్ణి అడిగినా. తయారీలో కుళ్లిన గుడ్డు వాసన గ్యాస్ వస్తుందంట, ఎక్కువైతే మనుషులు నిలబడ్డచోటే పడిపోతారంట. సంచులు నింపేవాడికి మూతిగుడ్డ ఇయ్యని ఊర్లో ఆ ఫ్యాక్టరీ పెడతారా?

తోట అన్నా, నిన్ను సూటిగా ఒక మాట అడుగుతా. లంపు ఆపాలంటావు. ఆపినాక మిల్లులకు రాయి ఏ ధరకు ఇయ్యాలి? టెండర్లో బయటివాడు పెట్టే ధరకా, తక్కువకా?

కోడూరు తోట

తక్కువకే. లేకుంటే చిన్న మిల్లు బతకదు. ఓడల లెక్కన కొనేవాళ్లతో నాలుగు టిప్పర్లు కొనేవాడు టెండర్లో ఎట్ల నిలబడతాడు? ఇందులో దాచేదేముంది.

పుల్లంపేట పద్మ

అదీ సంగతి. ఇన్నాళ్లూ నువ్వు రాయా పొడా అని అడుగుతున్నావు. నా లెక్కలో కొట్లాట ధర మీద. ఆ తగ్గిచ్చిన డబ్బు ఎవరిది? గని కాడ పుట్టిన అందరిదీ. అది మిల్లు గల్లాపెట్టెలోకి పోతే మాకొచ్చేది రోజు కూలి, దగ్గు. అదే పూర్తి ధరకు అమ్మి, జిల్లా ఖనిజ నిధికి, అంటే గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసం పెట్టిన నిధికి, రావాల్సింది రానిస్తే అడగడానికి ఒక చోటన్నా ఉంటుంది. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే ప్రధాన ఖనిజాలకు రాయల్టీలో 30 శాతం ఆ నిధికి కట్టాలి. ముగ్గురాయి ఇప్పుడు ప్రధాన ఖనిజమే అయింది కదా. ఎక్స్‌రే మిషను పెట్టమని అడుగుతా, నీళ్ల ట్యాంకు అడుగుతా.

కోడూరు తోట

ఆ నిధి కలెక్టరు ఆఫీసులో ఉంటుంది అక్కా. అది మన గడప దాకా వస్తుందని నాకు నమ్మకం లేదు. మిల్లు కూలి అయితే శనివారం సాయంత్రం చేతిలో పడుతుంది.

పుల్లంపేట పద్మ

నాకు మిల్లు యజమాని మీద నమ్మకం లేదు. నా మొగుడి పేరు ఏ రిజిస్టరులో లేదని చెప్పినా కదా.

కోడూరు తోట

రాత్రంతా ఆలోచించినా. రమణ సార్‌ను అన్న మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నా. రాయిబండి అన్న చెప్పింది నాకు ముందే తెలుసు. మా పక్క షెడ్డులోనే జరిగేది. మా నాయన అప్పులతో మోటారు తిప్పుతా ఉంటే ఆ గోడవతల తిప్పకుండానే డబ్బు చేసుకున్నారు. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో ఆ మాట గట్టిగా అనేవాళ్లం కాదు, ఎందుకంటే అది చెప్తే లోకల్ మిల్లులకిచ్చే రాయి కోటానే ఎత్తేస్తారని భయం.

కాబట్టి నా మాట కొంచెం మారుస్తున్నా. మిల్లు కరెంటు మీటరు రీడింగు చూసి రాయి ఇయ్యాలి. టన్ను పొడి కొట్టడానికి ఎన్ని యూనిట్లు కాలుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. రాయి తీసుకొని మీటరు తిరగకుంటే మరుసటి నెల రాయి లేదు. కూలోళ్ల పేర్లు, బ్యాగ్ ఫిల్టరు కూడా అట్లనే. ధర మాత్రం తగ్గించే ఇయ్యాలి. దాని మీద నేను వెనక్కి పోను.

చీమకుర్తి నలుపు

మీటరు మాట బాగుంది. నేను మొదట్నుంచీ యూనిట్లే అడుగుతున్నా.

పుల్లంపేట పద్మ

ధర మీద నేనూ వెనక్కి పోను. రిజిస్టరు విషయం ఒప్పుకుంటా. పాతవాళ్ల పేర్లు కూడా అందులో రాయిస్తావా? మిల్లు మూసేసినా దగ్గు మిగిలినవాళ్లవి.

కోడూరు తోట

మా నాయన కాడ పద్నాలుగు మంది పేర్లున్న నోటుబుక్కు ఇంకా ఉంది. అందులో ఉన్నవాళ్ల పేర్లు నేనే పోయి రాయిస్తాను. మిగతా మిల్లులవి నా చేతిలో లేవు అక్కా.

రాయిబండి

నేను తోలిన మిల్లులో సంచులు నింపినోళ్లే లేరు. అక్కడ రాయాల్సిన పేర్లు లారీ వాళ్లవి.