అప్‌డేట్: ప్రాప్ 15కి యెస్ వేశాను

కాలిఫోర్నియా ప్రాపొజిషన్ 15కి, అంటే వాణిజ్య ఆస్తుల మీద పన్ను పెంచి స్కూళ్లకు కూడా డబ్బు ఇవ్వాలని ప్రజల ఓటుకు పెట్టిన ప్రతిపాదనకి, ఎలా ఓటేయాలని మిమ్మల్ని అడిగాను కదా. స్కూళ్లకు డబ్బు కావాలి, కానీ బావగారి కిరాణా షాపు అద్దె పెరుగుతుందేమోనని టెన్షన్.

ఇళ్ల జోలికి రాదు, రాష్ట్రంలో 30 లక్షల డాలర్లు దాటిన వాణిజ్య ఆస్తులున్న యజమానులకే మార్కెట్ విలువ మీద పన్ను అని తెలిశాక సగం భయం పోయింది. 1978లో ఇలాగే ఓటుతో వచ్చిన ఆస్తి పన్ను నియమం ప్రాప్ 13 వల్ల పాత యజమానుల పన్ను విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు. పక్కనే కొత్తగా కొన్నవాళ్లు ఎన్నో రెట్లు కడతారు. ఇది అన్యాయమే.

బావగారి షాపున్న భవనం యజమాని మాత్రం పెద్ద ఆస్తిపరుడే, ఆ పన్ను ఆయనకు పడుతుంది. అందుకే ముందు బావగారినే అడిగాను. "పిల్లల చదువు కోసం యెస్సే వెయ్, అద్దె సంగతి నేను చూసుకుంటా" అన్నారు.

2020 నవంబరులో ప్రాప్ 15 52-48 శాతం ఓట్ల తేడాతో ఓడిపోయింది. చాలా బాధపడ్డాను. మా అబ్బాయి స్కూలుకి లైబ్రేరియన్ ఇప్పటికీ వారానికి రెండు రోజులే.