అప్‌డేట్: చలికాలం ఉదయాల్లో రోహు గాలానికి ఎందుకు పడలేదో తేలింది

వానాకాలంలో బాగా పడిన చెరువు ఒడ్డునే డిసెంబరు ఉదయాల్లో రోహు చేప గాలం ముట్టడం లేదని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. నీటి ఉష్ణోగ్రత కొలవమన్న సలహాతోనే సంగతి తేలింది.

కొలిచే తీరు ముఖ్యం. థర్మామీటరును ఉత్తినే దారానికి కట్టి దించితే పైకి లాగేలోపు రీడింగు మారిపోతుంది. థర్మామీటరు పెట్టిన సీసాకు రాయి, బిరడాకు వేరే దారం కట్టి దించాలి. కావలసిన లోతులో బిరడా లాగి, రెండు నిమిషాలుంచి, పైకి తీయగానే సీసాలోనే చూడాలి.

ఉదయం 7కి మోకాటి లోతులో 19 డిగ్రీలు, తూము దగ్గర 3 మీటర్ల లోతులో 21. లోతు తక్కువున్న చోట నీరు రాత్రిపూట త్వరగా చల్లబడుతుంది, అందుకే చేప లోతుకు జరుగుతోంది. మధ్యాహ్నం 2కి లెక్క తిరగబడింది, ఒడ్డున 24. అదీ ఈశాన్య గాలి వేడెక్కిన పైనీటిని నెట్టే నైరుతి ఒడ్డునే. ఇప్పుడు పొద్దున తూము దగ్గర అడుగున, 12 దాటాక నైరుతి ఒడ్డున వేస్తే పడుతున్నాయి.

ఎర మార్చడం, చిన్న గాలం, పౌర్ణమి లెక్క ఏవీ తేడా చూపలేదు. తవుడు, వేరుశనగ చెక్క ముద్దే సరిపోయింది. కాకపోతే చలికి రోహు తిండి తగ్గిస్తుంది, ముద్ద గోలీ అంత చాలు. ఎండాకాలానికి మాత్రం ఇది పనికిరాదు: కదలని చెరువుల్లో అడుగున ఆక్సిజన్ పడిపోతుంది, లోతుకు వేస్తే దండగ.