సమస్యాపూరణం: "కడలి వచ్చి బడినిఁ గాలు మోపె"

లాసన్స్‌బే మాస్టారు

మిత్రులకు నమస్కారం. బళ్లు తెరిచారు కాబట్టి ఈ వారం సమస్య బడి గురించే. ఆటవెలది పద్యానికి చివరి పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి:

కడలి వచ్చి బడినిఁ గాలు మోపె

అయిదూ సూర్యగణాలే (గురువూ లఘువూ, లేదా మూడు లఘువులు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన మైత్రి, 'క'కీ 'కా'కీ. 'బడిని' తర్వాత ద్రుతం (నకారం) ఉంది కనుక 'కాలు' కాస్తా 'గాలు' అయింది. సముద్రం బడిలోకి ఎలా వస్తుందో మీరే చెప్పాలి. ఒక్కటే కోరిక: సాగరం, రత్నాకరం, జలధి అంటూ నిఘంటువు తిరగేయకండి. హైస్కూల్లో మీరు కళ్లారా చూసినదాన్ని పద్యంలోకి తెండి. ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ని. పిల్లల బడి మీద మంచి పద్యాలు తక్కువున్నాయన్న బాధ నాకుంది.

సీతమ్మధార చినుకు

నేను సామాన్యశాస్త్రం టీచర్ని, మాస్టారూ. జలచక్రం పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు తట్టేది ఇదే:

మబ్బు నెక్కి యుప్పు మాని తీపై దిగి
చినుకు చినుకుగాను చెట్టు తడిపి
కాగితాల పడవ కదలాడు వేళలో
కడలి వచ్చి బడినిఁ గాలు మోపె

లాసన్స్‌బే మాస్టారు

అమ్మా, 'ఉప్పు మాని తీపై దిగి' అన్నచోట ఆగిపోయాను. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కడలిలోనే ఉండిపోతుందన్న పాఠమంతా సగం పాదంలో చెప్పేశారు. రెండో పాదం మాత్రం సడలింది. 'గాను' గణం నింపడానికి వచ్చిన మాట. 'చెట్టు' అంటే ఏ చెట్టు? మీ బడిలో ఏముంది?

సీతమ్మధార చినుకు

చింతచెట్టండి. మూడు తరగతుల పిల్లలు దాని కిందే తింటారు.

లాసన్స్‌బే మాస్టారు

మరి అదే రాయండి! 'చినుకు చినుకుగాను చింత తడిపి'. యతికి 'చిం' చక్కగా సరిపోతుంది. మీ బడి చెట్టు పద్యంలో నిలబడితే ఆ 'గాను' ఉన్నా నాకు బెంగ లేదు.

భీమిలి తీరం

గోస్తని సముద్రంలో కలిసే ఊరు మాది. మా బడి వార్షికోత్సవంలో చూసినది:

వార్షికోత్సవాన వారధి కథ నాడ
అమ్మ నీలి చీర నంగిఁ జేసి
రాము నెదుట మ్రొక్కి రత్నాకరుండయి
కడలి వచ్చి బడినిఁ గాలు మోపె

సీతమ్మధార చినుకు

మాస్టారు వద్దన్న రత్నాకరుడు వచ్చేశాడు కదండీ. అయితే ఇక్కడ అది పాత్ర పేరు కాబట్టి నాకు సమ్మతమే. రెండో పాదం బంగారం. మా బడిలోనూ సముద్రుడి వేషమంటే అమ్మ చీరే.

లాసన్స్‌బే మాస్టారు

గణాలు, యతులు చక్కగా ఉన్నాయి. నా ఇబ్బంది వేరు. వారధి కథలో సముద్రుడు వస్తాడని అందరికీ తెలుసు. మొదటి పాదంలోనే ముడి వీడిపోయింది, చివరి పాదానికి ఆశ్చర్యం మిగల్లేదు. వారధి మాట మూడో పాదం దాకా దాచి, అమ్మ చీరతో మొదలుపెట్టి చూడండి. ఇంకోటి, 'చీర నంగిఁ జేసి' అంటే కత్తిరించి కుట్టినట్టు ధ్వనిస్తోంది. పిల్లలు చీరని భుజాల మీద పిన్నీసులతో నిలబెడతారు, ఆట అయ్యాక అమ్మకి మడత పెట్టి ఇచ్చేస్తారు. ఆ జాగ్రత్త కూడా పద్యంలోకి రావాలని నా ఆశ.

గోపాలపట్నం అమ్మ

పద్యం రాయడం నాకిదే మొదలు. తప్పులుంటే మన్నించండి. మా పాప పేరే కడలి. మొన్న జూన్ 12న ఆరో తరగతిలో చేరింది. అయిదు దాకా ఇంటి పక్కనే చదివింది, ఇప్పుడు పెద్ద బడి.

ఐదు దాటి నేడు ఆరవ తరగతి
సంచి బరువు మోయఁ జాల ననక
అమ్మ చేయి విడిచి యడుగులు లెక్కించి
కడలి వచ్చి బడినిఁ గాలు మోపె

సీతమ్మధార చినుకు

అయ్యో, ఎంత బావుందమ్మా! ఒక్క చిన్న సవరణ. 'నేడు' ఉకారంతో ముగుస్తుంది, దాని మీద అచ్చు వస్తే సంధి తప్పదు. 'నేడారవ' అయిపోయి గణం చెడుతుంది. 'ఐదు దాటివచ్చి యారవ తరగతి' అంటే ఏ చిక్కూ లేదు. ఐత్వానికి యా యతి చెల్లుతుంది.

లాసన్స్‌బే మాస్టారు

సవరణ సరైనదే. ఇచ్చిన మాటని పేరుగా తీసుకోవడం సమస్యాపూరణంలో పాత దారే, కానీ ఇక్కడ అది చమత్కారం కోసం రాలేదు. అయిదో తరగతి నుంచి ఆరుకి రావడం పిల్లలకి ఊరు మారినంత పని. ఒక్క టీచరు పోయి పీరియడ్‌కి ఒకరు వస్తారు. బడిలో అందరికన్నా పెద్దవాళ్లు కాస్తా అందరికన్నా చిన్నవాళ్లయిపోతారు. 'అడుగులు లెక్కించి' అన్నారు చూశారూ, గేటు దగ్గర నిలబడి చూసిన తల్లికే అది తెలుస్తుంది.

మధురవాడ తొమ్మిదో తరగతి

నమస్కారం సార్. మా తెలుగు మేడం చెప్తే చదువుతున్నాను. నేనూ రాశాను.

గంట కొట్టగానే కంచాలు పట్టుకు
వరుస కట్టినట్టి వారి కొరకు
పప్పులోన చిటికె ఉప్పుగా కరిగిన
కడలి వచ్చి బడినిఁ గాలు మోపె

భీమిలి తీరం

తమ్ముడూ, ఊహ చాలా బావుంది. కానీ మూడో పాదంలో యతి తప్పింది. 'ప'కీ 'ఉ'కీ మైత్రి లేదు.

లాసన్స్‌బే మాస్టారు

తప్పలేదండీ. అది ప్రాసయతి. ఆటవెలదిలో, తేటగీతిలో, సీసంలో యతికి బదులు చెల్లుతుంది. మొదటి గణంలో రెండో అక్షరం 'ప్పు', నాలుగో గణంలో రెండో అక్షరం 'ప్పు'. వాటి ముందున్నవి రెండూ గురువులే. పప్పుకీ ఉప్పుకీ కుదిరినంత బాగా ఇంకే రెండు మాటలకి కుదురుతుంది?

నాన్నా, రెండు చోట్ల దిద్దుకో. 'గానే'లో రెండూ గురువులు, సూర్యగణం కాదు. 'గానె' అను. 'చిటికె ఉప్పు' మధ్య యడాగమం (రెండు అచ్చుల నడుమ 'య్' చేరడం) రావాలి: 'చిటికె యుప్పుగాఁ గరిగిన'. ప్రాసయతికి ఏమీ కాదు.

ఉప్పు సముద్రం నుంచి వస్తుందని మాకందరికీ తెలుసు. శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పు మడులు చూసినవాళ్లం కూడా. అయినా మాలో ఒక్కరికీ ఇది తట్టలేదు. 2024 నుంచి మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు కదా, గోదావరి లంకల్లో ఆకలిగా వచ్చినవాళ్లకి అన్నం పెట్టిన తల్లి ఆవిడ. ఆ వరుసలో నిలబడి రాసిన పద్యం ఇది.

మధురవాడ తొమ్మిదో తరగతి

థాంక్యూ సార్. మా వంట అక్క ఉప్పు చేత్తోనే కొలుస్తుంది, అందుకే చిటికె అని రాశాను. ఒక డౌటు. మేం కంచాలు అనం, ప్లేట్లు అంటాం. మార్చాలా?

లాసన్స్‌బే మాస్టారు

'ప్లేట్లు' అంటే 'గం'కి యతి కుదరదు. ఇప్పటికి కంచాలే ఉండనీ. ప్లేట్లు అనే మాటతో ఇంకో పాదం కట్టి చూపించు, ఎదురుచూస్తాను.

జాలరిపేట

మాస్టారికి దండాలు. చాన్నాళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

వలను లాగి వచ్చి వాకిట నిలిచిన
బుడతఁ జూడ మేనఁ బూసె నుప్పు
హాజరంచుఁ బలుక నల వాసనలు వీచె
కడలి వచ్చి బడినిఁ గాలు మోపె

భీమిలి తీరం

'మేనఁ బూసె నుప్పు'! ఉప్పు పూయడం ఎప్పుడూ వినలేదు. ఒక్క సందేహం: జూన్‌లో వేట నిషేధం కదా?

జాలరిపేట

మరబోట్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. బడి 12న తెరుస్తారు, వేట 15న మొదలవుతాది. ఆ మూడ్రోజులే నేను గంట కంటే ముందొచ్చేవాణ్ని. తర్వాత నుంచి తెల్లారగట్ల అయ్యతో వలకి పోయి, అట్నుంచటే బడికి.

లాసన్స్‌బే మాస్టారు

ముందు పద్యం సంగతి చెప్తాను. 'హా'కి 'అ' యతి సరే. 'అల వాసనలు' దగ్గరే చిన్న తడబాటు. 'అల'కి 'ఆ' అనే అర్థం కూడా ఉంది కాబట్టి, 'ఆ వాసనలు' అని కూడా చదవొచ్చు. 'నలలు మాటలఁ దోఁచె' అంటే తేటగా ఉంటుందేమో చూడండి. గణాలు సరిపోతాయి.

జాలరిపేట

క్షమించండి మాస్టారూ, అది నేను మార్చను. ఆ వాసన అనే కదా నన్ను వాకిట్లో నిలబెట్టింది. హాజరు పలికాక కూడా లోపలికి రానివ్వలేదు, కడుక్కుని రమ్మన్నారు. వాసన తీసేస్తే ఆ పద్యం నాది కాదు. మీరన్న రెండో అర్థం కూడా ఉండనివ్వండి. 'ఆ వాసనలు' అనే అందరూ అనేవారు.

లాసన్స్‌బే మాస్టారు

నా సవరణ వెనక్కి తీసుకుంటున్నాను. పద్యం మీరు రాసినట్టే ఉండాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక పిల్లాణ్ని అదే కారణంతో చివరి బెంచీకి పంపాను. కిటికీ పక్కన గాలి తగులుతుందని వాడితో చెప్పాను, మిగతా పిల్లలకి అసలు కారణం అర్థమైంది. వాడు ఏడాదంతా అక్కడే కూర్చున్నాడు. వాడి అయ్యతో ఒక్కసారైనా మాట్లాడి ఉంటే, తెల్లవారుజామున నాలుగింటికి వాడు ఎక్కడుంటాడో తెలిసేది. నేను మాట్లాడలేదు. వాడు మీరు కాకపోవచ్చు. అయినా మీ పద్యం నాకే రాసినట్టు చదువుకున్నాను.

ఈ సమస్య ఇచ్చినప్పుడే నా పూరణ రాసి పెట్టుకున్నాను. సెలవుల తర్వాత పిల్లలు వచ్చే రోజు మీద:

వేసవెల్లఁ గాఁగి వేఁగిన వాకిట
జూను గంట మోగ జోళ్ల సడిగ
నురుగు నవ్వులొలికి నూర్ల గొంతుకలతో
కడలి వచ్చి బడినిఁ గాలు మోపె

ఇప్పుడు చదివితే దూరం నుంచి, వరండాలో నిలబడి రాసినట్టు కనిపిస్తోంది. నూర్ల గొంతుకలు వినిపించాయి గానీ ఒక్క ముఖం లేదు. మళ్లీ రాస్తాను.

గోపాలపట్నం అమ్మ

జాలరిపేట తమ్ముడూ, మీ పద్యం మా పాపకి చదివి వినిపించాను. తన పక్కన కూర్చునే పిల్ల నాన్నది బోటేనట. ఆ పిల్ల జుట్టు ఎప్పుడూ తడిగా ఎందుకుంటుందో రేపు అడుగుతానంది.

జాలరిపేట

అడగమనండి అక్కా. ముందు పక్కన కూర్చోమనండి, తర్వాత అడగమనండి.

మధురవాడ తొమ్మిదో తరగతి

సార్, రేపు ప్రార్థనలో మేడం నన్ను పద్యం చదవమన్నారు. నాది కాకుండా జాలరిపేట అన్నయ్య రాసింది చదవొచ్చా?

జాలరిపేట

రెండూ చదువు తమ్ముడూ. నీదే ముందు.